సైన్స్ ఫిక్షన్ అభిమానుల సమావేశం: కలిసి తిరగాలా, విడిపోవాలా?

ప్రశ్న: నలుగురు స్నేహితులం ఒక్క రోజు కోసం ఇలాంటి సమావేశానికి మొదటిసారి వెళ్తున్నాము. ఒకే సమయంలో నాలుగైదు గదుల్లో చర్చలున్నట్లు కార్యక్రమ పట్టికలో చూసి కంగారు పడ్డాము. అందరం కలిసే తిరగడం మంచిదా? కథల్లోని పాత్రల్లా వేషధారణ తప్పనిసరా?

జవాబు 1: విడిపోండి. మేము మొదటిసారి ఒకరినొకరు వదలకుండా తిరిగి, ఎవరికీ పూర్తిగా నచ్చని చర్చల్లోనే పూట గడిపేశాము. మరుసటి ఏడు ఉదయమంతా ఎవరికి నచ్చిన గదికి వారు వెళ్లి, భోజనం వేళకు కలుసుకున్నప్పుడు, చెప్పుకోవడానికి బోలెడు కబుర్లు పోగయ్యాయి. రచయిత సంతకం కావాలంటే మాత్రం వరుసలో చాలాసేపు నిలబడవలసి రావచ్చు కనుక, ఆ సమయానికి దగ్గరగా మరే చర్చనూ పెట్టుకోకండి.

జవాబు 2: వేషం తప్పనిసరి కాదు. అయితే ఆ సరదా పాతదే. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశానికే ఇద్దరు అభిమానులు భవిష్యత్కాలపు దుస్తులు ధరించి వచ్చారు. నేను ఒకసారి అట్టతో చేసిన కవచం తొడుక్కుని వెళ్లి, సాయంత్రం దాకా ఎక్కడా కూర్చోలేకపోయాను. వేషధారుల ఫొటో తీసే ముందు వారి అనుమతి అడగండి.

ప్రశ్న వేసినవారు: మా వాడొకడు ఇప్పటికే అట్టలు కత్తిరిస్తున్నాడు. వెంటనే ఆపిస్తాను.