పెరటి వాగు గట్టున అమెరికా నాటు వెదురు పెంచవచ్చా?

సుధ: అట్లాంటా శివారులో ఉంటాం. వానాకాలం వస్తే పెరటి వాగు గట్టు కోసుకుపోతోంది. వెదురు వేద్దామంటే పొరుగాయన వద్దని దండం పెట్టారు. ఈ దేశానికి సొంత వెదురు ఉందట, నిజమేనా?

భాస్కర్: నిజమేనండీ. పేరు రివర్ కేన్, శాస్త్రీయంగా అరుండినేరియా జైగాంటియా. ఆగ్నేయ రాష్ట్రాల ఏటి ఒడ్డున ఒకప్పుడు మైళ్ల పొడవున ఉండేది. పొలాల కోసం నరికి, పశువులను మేపి, నూటికి రెండు వంతులు కూడా మిగల్చలేదని అంచనా. ఇక్కడి ఆదివాసులైన చెరోకీలు ఇప్పటికీ దీని బద్దలతోనే బుట్టలు అల్లుతారు.

వెదురు పాకి తన పెరట్లోకి వస్తుందన్న పొరుగాయన భయం నర్సరీల్లో అమ్మే చైనా బంగారు వెదురు విషయంలో న్యాయమే. దాని గెడల అడుగున కణుపులు తరచూ ఇరుకుగా పేర్చినట్లుంటాయి. అది కొనకండి. రివర్ కేన్ కూడా భూమిలో పాకుతుంది, కాకపోతే మొదటి రెండు మూడేళ్లు నత్తనడకే. ఆ వేళ్లే గట్టు మట్టిని పట్టి ఉంచుతాయి.

గింజల కోసం చూడకండి. ఏళ్ల తరబడి పూయదు, పూస్తే గెడలు చచ్చిపోతాయి, మన అడవి వెదురులాగే. చలికాలంలో, స్థలం యజమానిని అడిగి, అడుగు పొడవు భూకాండం, రెండు మూడు గెడలతో పిలకలు తవ్వుకోండి. వేళ్లు తడి గోనెలో ఉండాలి. నేను కారు డిక్కీలో వదిలి భోజనానికి వెళ్లాను; మూడింటిలో రెండు ఎండిపోయాయి. నాటాక ఆకుచెత్త దట్టంగా పరిచి, రెండు వేసవులు నీళ్లు పోయండి.

సుధ: పక్షులు వస్తాయా? పాములు?

భాస్కర్: స్వైన్సన్స్ వార్బ్లర్ ఇలాంటి పొదల్లోనే గూడు కడుతుంది, ఎండుటాకులు తిరగేసి పురుగులు ఏరుకుంటుంది. కాని దానికి అడవిలో దట్టమైన పెద్ద పొద కావాలి, మన పెరటి పట్టె చాలదు. ఆశపడాల్సింది సీతాకోకచిలుకల కోసం. క్రియోల్ పెర్లీ ఐ, సదరన్ పెర్లీ ఐ గొంగళిపురుగులకు ఈ నాటు వెదురు ఆకే తిండి. అందుకని చిల్లులు కనిపిస్తే సంతోషించండి, మందు కొట్టకండి.

పాముల సంగతి దాచను. ఆగ్నేయ మైదానాల్లో టింబర్ ర్యాటిల్‌స్నేక్ అనే విషసర్పాన్ని కేన్‌బ్రేక్ అనేది ఈ పొదల పేరు మీదే. నడక దారికి దూరంగా నాటండి, పొదలోకి ఉత్త చేయి పెట్టకండి.

సుధ: మా అమ్మాయి పాముల మాట చదివి ఆగిపోయింది, నేను ఆగలేదు. ఫిబ్రవరిలో గోనెసంచితో వస్తే రెండు పిలకలు ఇస్తారా?

భాస్కర్: రండి. భోజనం మా ఇంట్లో వద్దు, నేరుగా ఇంటికెళ్లి నాటేయండి.