ఇఫుగావో ఇంటి నమూనా: పళ్లేలు, పొయ్యి, పొగ – సందేహాలు

ఎంవీపీ_స్టూడియో: కాలేజీ ప్రదర్శనకి ఫిలిప్పీన్స్ కొండజాతి ఇఫుగావోల ఇల్లు 1:10 కొలతలో చేస్తున్నాం. నాలుగు స్తంభాలు, పైన పిరమిడ్ కప్పు. గది 40 సెం.మీ. చదరం, కింద 15 సెం.మీ. ఖాళీ. ఎలుకలు ఎక్కకుండా స్తంభాలకుండే చెక్క పళ్లేలు ఎంత ఎత్తులో పెట్టాలి? పొయ్యి లోపలే అంటున్నారు, కిటికీ లేదు, గొట్టం లేదు. మరి పొగ ఎటు పోతుంది? హుద్‌హుద్ లాంటి తుపానుకి ఈ ఇల్లు ఆగుతుందా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

పాడేరు_వడ్రంగం: పళ్లేలు స్తంభం మధ్యలో పెట్టకండి. సరిగ్గా దూలం కిందే రావాలి. ఎలుక స్తంభం పట్టుకుని పాకుతూ వస్తుంది, తలమీద అడ్డంగా పళ్లెం తగులుతుంది, వెనక్కి వంగి దాటలేక జారిపోతుంది. అందుకే పళ్లెం స్తంభం కన్నా బాగా వెడల్పుండాలి. మీ నమూనాలో స్తంభం 2 సెం.మీ. మందమైతే పళ్లెం 5కి తగ్గించకండి. ఇఫుగావోలు రాత్రిపూట నిచ్చెన తీసేస్తారు. నమూనాలో దాన్ని అతికించేస్తే పళ్లేలకి అర్థమే ఉండదు, తీసేలా పెట్టండి.

ఇంకో సంగతి: స్తంభాలు కప్పుదాకా పోవు. రెండు దూలాల దగ్గర ఆగుతాయి. దూలాల మీద అడ్డదుంగలు, వాటి మీద నేల పలకలు, ఆ పైన వేరే చట్రం లేచి కప్పుని మోస్తుంది. గోడ పలకలు బరువు మోయవు, పైకి పోయేకొద్దీ బయటికి వాలి ఉంటాయి. గోడలు నిట్టనిలువుగా పెడితే ఆకారం చెడిపోతుంది. మేకులు, ఫెవికాల్ రెండూ వద్దు. ఒకదానికి గాడి, ఇంకోదానికి నాలుక కోసి దించండి. అసలు ఇల్లు కూడా విప్పి వేరేచోట నిలబెట్టేలా కట్టిందే.

చుట్టిల్లు: పొగకి దారి వెతకకండి, అది కప్పు గడ్డి సందుల్లోంచే మెల్లగా బయటికి పోతుంది. ఈ ఇంటి ప్రాణం అక్కడే ఉంది. పొయ్యి పైన అటక, అటక మీద వరి కట్టలు. పొగ ముందు ధాన్యాన్ని ఆరబెడుతుంది, తర్వాత గడ్డికి పట్టి పురుగునీ కుళ్లునీ ఆపుతుంది. పొయ్యి రాజేయని ఇంటి గడ్డి తొందరగా పాడవుతుంది. రేకు వేసిన ఇళ్లలో పొగకి ఆ దారి మూసుకుపోయింది. నా దృష్టిలో ఇది మనుషులు కూడా ఉంటున్న గాదె. ఉన్నది ఒకటే గది: తల్లిదండ్రులు, చిన్నపిల్లలు అందులో పడుకునేవారు, ఎదిగిన పిల్లలకి ఊళ్లో విడిగా పడక ఇళ్లుండేవి. ఇంటికింద ఖాళీలో దంపుడు, నేత, కట్టెలు. అక్కడ చిన్న రోలు పెట్టండి, బోసిగా వదలకండి.

కప్పుకి కొండచీపురు బావుంటుంది. చూరు దగ్గర మొదలెట్టి 1.5 సెం.మీ. కొకటి చొప్పున వరసలు పైకి వెయ్యండి, శిఖరం చివర్న. పైనుంచి దిగితే కింది వరస మీది వరస మీదకెక్కి వాన లోపలికి పోతుంది.

భీమిలి_గాలి: తుపాను ప్రశ్నకి ఇఫుగావో ఇల్లు జవాబు కాదండీ. అది లూజాన్ కొండల్లో ఎలుకలకీ, చెమ్మకీ, చలికీ కట్టింది. సముద్రపు గాలికి జవాబు ఆ దేశానికే ఉత్తరపు చివరనున్న బటానెస్ దీవుల్లో ఉంది. అక్కడి ఇవటాన్‌లవి రాయీ సున్నం కలిపిన లావు గోడలు, చిన్న కిటికీలు, ఒక వైపు గోడకి అసలు కిటికీయే లేదు, పైన దట్టమైన గడ్డి. తుపాను వస్తోందంటే కప్పు మీద తాళ్ల వల కప్పి కిందికి బిగిస్తారు. వంటిల్లు వేరే. ఇవానాలో 1887లో కట్టిన డకాయ్ ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది. మన ఒడ్డున జాలర్ల చుట్టిళ్లు కూడా గాలికి మూల దొరక్కుండా గుండ్రంగా, తాటాకు చూరు నేలదాకా దించి కట్టినవే. ఇవటాన్ ఇల్లు, మన చుట్టిల్లు పక్కపక్కన పెట్టి చూపిస్తే తుపాను ప్రశ్నకి అదే సరైన జవాబు.

ఎంవీపీ_స్టూడియో: పళ్లేలు మధ్యలోనే బిగించాం, ఇవాళే తీసి దూలం కిందికి మారుస్తాం. మరి పొయ్యి దేనితో కడతారు?

చుట్టిల్లు: చెక్క చట్రంలో మట్టి నింపి, మూడు రాళ్లు. నేల పలకకి నిప్పు తగలకుండా మట్టి మందంగా పొయ్యండి.