బూడిదరంగు రొయ్యను ఇంగ్లీషులో ‘గ్రీన్’ అని ఎందుకు అంటారు?

ప్రశ్న (నెల్లూరు):
ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక కొనుగోలు ఉత్తరంలో ‘గ్రీన్ ప్రాన్స్’ అని రాశారు. మన చెరువుల్లో పెరిగే వనామి రొయ్య బూడిదరంగులో ఉంటుంది కనుక, ఇక్కడ ఆ మాటకు అర్థమేమిటో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (కావలి):
వండని, పచ్చి రొయ్యలు అని అర్థమండి. ఆ దేశంలో అలాగే వ్యవహరిస్తారు. కాల్చని ఇటుకను గ్రీన్ బ్రిక్ అని, ఆరని కలపను గ్రీన్ టింబర్ అని, వేయించని కాఫీ గింజలను గ్రీన్ కాఫీ అని అనడం కూడా ఈ కోవలోదే. బట్టీకి ఎక్కించక ముందు, వేలితో నొక్కితే గుంట పడే మట్టి అచ్చును మనవాళ్లూ పచ్చి ఇటుక అనే అంటారు కదా, ఈ ప్రయోగం మనకు ఏమాత్రం పరాయిది కాదు.

జవాబు (ఒంగోలు):
గ్రీన్, గ్రో అనే రెండు మాటలూ ఒకే ధాతువు నుంచి పుట్టాయి. ఎదుగుతున్నది, ఇంకా ముదరనిది అనే భావం అందులోనే ఉంది కాబట్టే, పనిలో కొత్తగా చేరి అనుభవం లేనివారిని కూడా గ్రీన్ అంటారు. అసూయకూ, పర్యావరణ హితానికీ అదే మాట వాడతారు. అయితే పచ్చకామెర్లలోని పచ్చ పసుపురంగు. దాన్ని మాత్రం గ్రీన్ అని అనువదించకూడదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మరి గ్రీన్ చిల్లీలో ఉన్నది రంగా, పచ్చిదనమా?

జవాబు (కావలి):
పండక ముందు కాయ ఆకుపచ్చగానే ఉంటుంది కనుక, అక్కడ రెండూ పొసగుతాయండి.