వాన రాత్రి లారీ క్యాబిన్‌లో పొయ్యి వెలిగించవచ్చా?

పరకాల డ్రైవరు:
వరంగల్ మిల్లుల బియ్యం నాగపూర్ వైపు తీసుకెళ్తాను. క్లీనరు నా బావమరిదే. మామూలు రోజుల్లో బండి పక్కన నేల మీద 5 కిలోల సిలిండరు పెట్టి వండుకుంటాం. మొన్న నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ దగ్గర వాన పట్టుకుంది. దాబాలు మూసేశారు. వాడు పొయ్యి క్యాబిన్‌లో పెడతానన్నాడు. నేను వద్దన్నాను, ఇద్దరం పస్తు పడుకున్నాం. నేను చేసింది సరైన పనేనా?

ఇరవై ఏళ్ల స్టీరింగు:
తమ్ముడూ, ఆకలితో బండి నడపడం ఇంకా ప్రమాదం. నేను ఇరవై ఏళ్లుగా క్యాబిన్‌లోనే వండుతున్నాను. రెండు కిటికీలూ దించు, బండి ఆపు, హ్యాండ్ బ్రేకు వెయ్యి, పక్కనే కూర్చో. దాబాలో రోజూ ఆ నూనె కూరలు తింటే కడుపు ఏమవుతుందో నాకు తెలుసు. మార్కెట్ యార్డు బయట రెండు రోజులు లైన్లో నిలబడితే ప్రతి పూటా కొనుక్కోవడానికి భత్యం సరిపోదు.

కాజీపేట ఎలక్ట్రీషియన్:
అన్నా, మీ అనుభవం మీద గౌరవం ఉంది, కానీ కిటికీల మాట ఒప్పుకోలేను. వంట గ్యాసు గాలి కంటే బరువు. ట్యూబు దగ్గర కొంచెం కారినా కిందకు దిగి కాళ్ల దగ్గర నిలుస్తుంది, కిటికీ పైన ఉంటుంది. ఇక మంట సరిగా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, వికారం, మగత. పొద్దంతా బండి నడిపిన మనిషి అలసట అనుకుని వెనక బెర్తు మీద పడుకుంటాడు. నన్ను భయపెట్టేది అదే.

2025 అక్టోబరు 1 తర్వాత తయారైన లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి. అంటే అద్దాలు మూసుకునే అలవాటు పెరుగుతుంది. పొయ్యి అలవాటు ఇప్పుడే మానాలి.

ఇరవై ఏళ్ల స్టీరింగు:
మరి అన్నం ఎలా ఉడకాలి? కరెంటు పొయ్యి పెడితే పొద్దున సెల్ఫ్ కొట్టదు. ఒకసారి నాకు జరిగింది.

కాజీపేట ఎలక్ట్రీషియన్:
మీరు పెట్టింది ఇంట్లో వాడే 1500 వాట్ల ఇండక్షన్ అయి ఉంటుంది. 24 వోల్టుల మీద ఇన్వర్టరుతో అది దాదాపు 70 ఆంపియర్లు లాగుతుంది. లారీలకని వచ్చే 24 వోల్టుల చిన్న రైస్ కుక్కరు 250 వాట్లదైతే పది ఆంపియర్లకు కాస్త ఎక్కువ. ముప్పావు గంటకు బ్యాటరీ నుంచి పోయేది ఎనిమిది ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో నిల్వ ఉండే కరెంటు కొలత). 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అది పెద్ద భారం కాదు. అయితే సిగరెట్ సాకెట్‌కు తగిలించకండి, ఆ సన్నని వైర్లు వేడెక్కుతాయి. బ్యాటరీ నుంచి మందపు వైరు వేరుగా లాగి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టించండి. 24 వోల్టుల కోసం జత చేసిన రెండు 12 వోల్టుల బ్యాటరీల్లో ఒక్కదాని నుంచే 12 వోల్టులు తీసుకుంటే అది ముందుగా చచ్చిపోతుంది.

బండి యజమాని, హనుమకొండ:
నా రెండు బండ్లకూ ఈ కుక్కరు నేనే కొనిచ్చాను. చలికాలంలో మావి పత్తి బేళ్లు మోస్తాయి. ఆ లోడు దగ్గర అగ్గిపుల్ల గీయడానికి కూడా ఒప్పుకోను. డ్రైవరు జేబులోంచి కొనమనడం న్యాయం కాదు.

డ్రైవరు ఇల్లాలు, జమ్మికుంట:
కూర కోసం మంటే అక్కర్లేదు. మా ఆయనకు సర్వపిండి కట్టిస్తాను, మర్నాటి వరకు బాగుంటుంది. చింతపండు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి ఉంటే పచ్చిపులుసు క్యాబిన్‌లోనే కలుపుకుంటారు. అన్నం మాత్రం ఆ పూటకు సరిపడానే వండమని చెబుతాను, వేడికి రాత్రి అన్నం పొద్దుటికి పాడైతే దారిలో వాంతులు, విరేచనాలు. అటుకులు, బెల్లం ఎప్పుడూ సీటు కింద ఉంటాయి. ఆ వాన రాత్రి అవి ఉంటే మీరు పస్తు పడుకునేవారు కాదు అన్నా.

ఇరవై ఏళ్ల స్టీరింగు:
కుక్కరు సంగతి ఒప్పుకుంటాను. కానీ మా యజమాని వైరు లాగనివ్వడు, బ్యాటరీ వారంటీ పోతుందంటాడు. మాలాంటి వాళ్లం ఏం చేయాలి?

పరకాల డ్రైవరు:
అన్నా, పొయ్యి కిందకు దించండి. డాలా (సరుకు పెట్టే భాగం అంచు పలక) మీదుగా టార్పాలిన్ ముక్క కట్టి రెండు వైపులా తెరిచి ఉంచితే సన్న వానలో వండుకోవచ్చు. మేం నిన్న అలాగే వండాం. గాలివానలో మాత్రం కుదరదు, ఆ రోజు అటుకులే. కుక్కరు గురించి రేపు మా యజమానిని అడుగుతాను.