కుండ నీళ్లతో గేమింగ్ పీసీ చల్లబడుతుందా?

కర్నూలు_మిద్దె
అన్నలూ, మాది కర్నూలు. నా గది మిద్దె మీద, పైన రేకులు. మే నెల మధ్యాహ్నం బయట 42 ఉంటే గదిలో ఇంకా ఎక్కువే. పీసీలో రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. ఆట మొదలెట్టిన పావుగంటకే ప్రాసెసర్ 90 దాటి ఫ్రేములు పడిపోతున్నాయి. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు మార్చాను, ఫ్యాన్లు మార్చాను, సైడ్ ప్యానెల్ ఊడదీసి టేబుల్ ఫ్యాన్ కూడా పెట్టాను. ఏసీ అంటే మా నాన్న కరెంటు బిల్లు తీసి చూపిస్తారు. వాటర్ కూలింగ్ పెట్టి, రేడియేటర్ బదులు రాగి గొట్టం చుట్టని 20 లీటర్ల కుండలో ముంచితే ఎలా ఉంటుంది? లేకపోతే బోర్డు మొత్తం నూనెలో ముంచేయడమే మేలా?

తొట్టి_పీసీ
నూనె జోలికి పోకు బ్రో. పాత బోర్డుని చేపల తొట్టిలో పెట్టి ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ పోశాను. చూడ్డానికి అదిరిపోతుంది, కాసేపు చల్లగానూ ఉంటుంది. నూనె ఒకసారి వేడెక్కిందా, ఇక దిగదు. దానికీ పంపు, రేడియేటర్ కావాల్సిందే. పైగా హెచ్‌డీఎంఐ కేబుల్ లోపలి నుంచి నూనె పాకి మానిటర్ కింద బల్ల మీద చుక్కలు చుక్కలుగా కారేది. క్రే-2 సూపర్ కంప్యూటర్‌ని 1985లోనే ఇలా ద్రవంలో ముంచారు. అయితే అది ఫ్లోరినర్ట్ అనే కరెంటు పారని ద్రవం, ఆ వేడిని లాగేయడానికి విడిగా చన్నీళ్ల ఏర్పాటు ఉండేది.

బందరు_ఏసీ_మెకానిక్
తమ్ముడూ, కుండ సంగతి లెక్కేద్దాం. నీ ప్రాసెసర్, కార్డు కలిపి గట్టిగా ఆడితే 250 వాట్ల దాకా వేడి. 20 లీటర్ల నీళ్లు ఆ వేడికి గంటకి పదకొండు డిగ్రీల దాకా పెరుగుతాయి. కుండ చల్లబరిచేది చెమ్మ ఆరడం వల్లే. 250 వాట్లు పోవాలంటే గంటకి 370 మిల్లీలీటర్ల దాకా ఆవిరవ్వాలి. కుండ రోజంతా ఆరబెట్టేదే లీటరో రెండు లీటర్లో. రెండో ఆటకే వేన్నీళ్లు కాచుకున్నట్టవుతుంది.

కానీ మీ ఊరి ఎండ పొడి ఎండ, అది నీ అదృష్టం. 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే నీళ్లు ఆరి ఆరి 24 దాకా దిగగలవు. మా బందర్లో 36, తేమ 65 శాతం ఉన్న రోజు ఎంత ఆరబెట్టినా 30 దగ్గరే ఆగుతుంది. ఇంట్లో ఎయిర్ కూలర్ ఉందా?

కర్నూలు_మిద్దె
ఉందన్నా, కిటికీకి పెట్టే ఇనప కూలర్. అందులో ఐస్ గడ్డలు కూడా వేసేస్తే?

బందరు_ఏసీ_మెకానిక్
చుట్టని ఆ కూలర్ ట్యాంకులోనే వెయ్యి. మోటారు ఆ నీళ్లనే గడ్డి మీద పోస్తూ ఉంటుంది కాబట్టి నీ వేడి బయటికి పోతూనే ఉంటుంది. పీసీ లూపు, అంటే ప్రాసెసర్ మీది బ్లాకుకీ చుట్టకీ మధ్య నీళ్లు తిరిగే దారి, మాత్రం విడిగా ఉండాలి, అందులో డిస్టిల్డ్ వాటరే. బోరు నీళ్లు పోస్తే బ్లాకులో సున్నం పట్టేస్తుంది. రాగితో అల్యూమినియం కలపకు, అల్యూమినియంని తినేస్తుంది.

ఐస్ వద్దు. మీ పొడిగాలికి కూడా 14 డిగ్రీల కిందికి దిగిన గొట్టం మీద చెమ్మ పడుతుంది, అది బోర్డు మీదికి కారుతుంది. ఐస్ లేకుండా ఆ బాధే ఉండదు. ఇంకొకటి, ఇనప కూలర్‌కి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ముందు ఎలక్ట్రీషియన్‌కి చూపించు. అది చూపించాకే చెయ్యి ట్యాంకులో పెట్టు, అదీ ప్లగ్ పీకి.