షెడ్డులో పని బల్లకి పాత ద్వారబంధమా, పాలెట్టా, తుక్కు యాంగిలా?

కొలత టేపు
కారు షెడ్డు వెనక గోడకి 6 అడుగుల జాగా ఉంది. 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 34 అంగుళాల ఎత్తు బల్ల కావాలి. మీద 4 అంగుళాల వైస్ (ముక్కని దవడల మధ్య బిగించి పట్టేది), ఓ మూల బెంచి గ్రైండర్. కొత్త కలప, కొత్త ప్లై కొనేది లేదు. అందుబాటులో ఉన్నవి మూడు: ఇళ్లు కూల్చిన సామాను అమ్మేచోట ద్వారబంధాలు, గోడౌన్ దగ్గర పాలెట్లు (సరుకు పేర్చే చెక్క చట్రాలు), పాతినుము కొట్లో యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప కమ్మీ) ముక్కలు. ఏదో ఒకటి తేల్చి చెప్పండి. "ఏదైనా పరవాలేదు" అనే జవాబు మాత్రం వద్దు.

బాడిస
ద్వారబంధమే. 4×3 అంగుళాల చట్రం ఒక్కటి దొరికితే నాలుగు కాళ్లూ అందులోంచే వస్తాయి. నిలువు కర్ర 7 అడుగులుంటుంది. నేలలో పాతిన చివర అర అడుగు ఆలోచించకుండా కోసి పారేయండి, చెద పట్టినా తేమకి మెత్తబడినా అక్కడే. మిగిలిన 78 అంగుళాల్లో 32.5 చొప్పున రెండు కాళ్లు పోగా 13 అంగుళాల ముక్క చేతిలో ఉంటుంది. రెండో కర్రలో ఇంకో రెండు. మీద అంగుళంన్నర పలక పడితే మీరడిగిన 34.

కాళ్లని కలిపే పట్టెలకి పెంకుటింటి వాసాలు, 4×2వి. ముందూ వెనకా పైనా కిందా 54 అంగుళాలవి నాలుగు, పక్కలకి 20 అంగుళాలవి నాలుగు, వెరసి దాదాపు 25 అడుగులు. కాళ్లతో కలిపి 2.3 ఘనపుటడుగులు. బేరానికి వెళ్లేటప్పుడు ఈ అంకె గుర్తుపెట్టుకోండి, లేకపోతే "ఏకంగా నాలుగు తీసుకో" అంటారు.

కొనేముందు కర్రని సుత్తితో చివరినుంచి చివరకి తట్టుకుంటూ రండి. ఖంగుమంటే మంచిది, బోలుగా పలికితే లోపల చెద తినేసినట్టు. సన్నటి పొడి రాలుతుంటే పుచ్చు పురుగు ఇంకా బతికే ఉంది, దాన్ని ఇంటికి తేవద్దు. టేకు, వేప రెండూ సరే. తాటి దూలం ఊరికే ఇచ్చినా వద్దు: పైన నల్లగా రాయిలా ఉంటుంది, నడిమధ్య మెత్తన. చిత్రిక పడితే పీచు లేస్తుంది, బోల్టు బిగిస్తే లోపలికి కుంగుతుంది.

రెడ్ ఆక్సైడ్
బాడిస గారూ, కాళ్లు బాగానే లెక్కేశారు. మేకుల సంగతి చెప్పలేదేం? పాత గుమ్మంలో బందుల మరలు, గోడలోకి దిగిన హోల్డ్‌ఫాస్టుల తాలూకు మరలు, తలుపు గాడిలో కొట్టిన చీలలు. ఒక్క విరిగిన మేకు రంపం పళ్లకి తగిలితే మీరు మిగిల్చిన డబ్బు బ్లేడుకే పోతుంది.

ఇనుము లెక్క ఇదిగో. కాళ్లు 3.3 మీటర్లు, పై చట్రం 3.9, కింద చట్రం 3.9, రెండు ఐమూల కమ్మీలు 1.2. మొత్తం 12.3 మీటర్లు. 40×40×5 మి.మీ. యాంగిల్ మీటరుకి 3 కిలోలు తూగుతుంది, అంటే 37 కిలోలు. రేటు ఊరికో రకం, బరువు అన్నిచోట్లా ఒకటే. మీ ఊరి రేటుతో గుణించుకోండి.

అయితే అసలు మాట, యాంగిల్ కంటే చదరపు పైపు మేలు. 40×40×2 పైపు మీటరుకి 2.4 కిలోలే, అదే బల్ల 30 కిలోల్లో అయిపోతుంది. పైగా వంపుకి యాంగిల్ కంటే మూడో వంతు ఎక్కువ నిలుస్తుంది. మెలికకైతే పోలికే లేదు: యాంగిల్ తెరిచిన ఆకారం, చేత్తో తిప్పినా కాస్త తిరుగుతుంది. వైస్‌లో పైపు పట్టి రెంచి వేసి లాగితే బల్ల మీద పడేది ఆ మెలికే.

బాడిస
తుక్కు పైపు లోపలి తుప్పు ఎలా చూస్తారు మాస్టారూ? బయట నున్నగా ఉంటుంది, వెల్డింగ్ రాడ్డు పెట్టగానే చిల్లు పడుతుంది.

రెడ్ ఆక్సైడ్
న్యాయమైన ప్రశ్న. రెండు చివరలా టార్చి వేసి చూడాలి. తర్వాత చిన్న సుత్తితో అడుగడుక్కీ తట్టాలి, పలచబడ్డచోట చప్పుడు మారుతుంది, సొట్ట కూడా పడుతుంది. ఆరుబయట నిలబెట్టిన గేటు పైపైతే కింద ఒక అడుగు కోసేయండి, నీళ్లు దిగేది అక్కడికే. జీఐ (జింకు పూత పూసిన) పైపు అయితే అతికేచోట రెండంగుళాలు జింకు పూత అరగదీసి, గాలి ఆడేచోట వెల్డింగ్ చేయండి. ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం ఖాయం.

2 మి.మీ. మందానికి 2.5 మి.మీ. రాడ్డు, 60–70 ఆంపియర్లు. ముందు అన్ని మూలలూ చిన్న చిన్న వెల్డింగ్ చుక్కలు పెట్టి ఆపండి. చట్రానికి రెండు ఐమూలలూ టేపుతో కొలవండి. తేడా 3 మి.మీ. దాటితే పొడవున్న వైపు సుత్తితో సర్ది, ఆ తర్వాతే పూర్తి అతుకు. ఒక మూల మొత్తం చేసేసి పక్క మూలకి వెళితే, చల్లారేటప్పుడు లోహం ముడుచుకుని చట్రాన్ని లాగేస్తుంది. ఎదురెదురు మూలలు మార్చి మార్చి వేయాలి.

గోడౌన్ గేటు
పాలెట్ వాళ్లం కూడా ఉన్నాం ఇక్కడ. ముందు ముద్ర చదవడం నేర్చుకోండి. ఎగుమతి పాలెట్ మీద గోధుమ కంకి గుర్తు, దేశం కోడ్, దాని పక్కన రెండక్షరాలు ఉంటాయి. "హెచ్‌టీ" అంటే కర్ర నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు పట్టించినది. తీసుకోవచ్చు. "ఎంబీ" అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినది. వదిలేయండి, హెచ్‌టీవి దొరుకుతుండగా అదెందుకు. ముద్రే లేకపోతే దేశంలో తిరిగే సరుకు కావచ్చు, ఏ శుద్ధీ జరగలేదనే అనుకోవాలి. రబ్బరు చెక్కతో చేసినవైతే పుచ్చుకి విందు భోజనం. ముద్ర ఏదైనా, నూనె మరకో రసాయనం వాసనో ఉంటే ముట్టుకోవద్దు.

విప్పేటప్పుడు గడ్డపారతో పెకిలించకండి. పాలెట్ మేకు మెలికలు తిరిగి ఉంటుంది, పీకితే మేకు రాదు, చెక్క చీలుతుంది. పలకకీ అడుగు దుంగకీ మధ్య సందులో రెసిప్రొకేటింగ్ రంపం దూర్చి, లోహం కోసే బైమెటల్ బ్లేడుతో మేకునే తెంపాలి. మేకు తల పలకలో ఉండిపోతుంది, వెనకనుంచి పంచితో కొడితే ఊడుతుంది.

ఓరుగల్లు వడ్ల
అన్నా, అంత కష్టపడి తీస్తే వచ్చేది ఏంది? ముప్పావు అంగుళం పలక. దానితోని కాళ్లు చేస్తరా? రెండు మూడు పలకలు అతికి కాలంటరు, వైస్ల ఇనుము వెట్టి ఆకురాయి పట్టినప్పుడల్లా మేకు బొక్క పెద్దగైతది, బల్ల ఊగుడు షురువైతది. పాలెట్ చెక్క కింది అరకు పనికొస్తది, గంతే. 1200 మి.మీ. పలక నడిమికి కోస్తే 550వి రెండొస్తయి, అడ్డంగ పరిస్తే 54 అంగుళాలకు ఏడెనిమిది పలకలు సాలు.

పైపలకకు సెంట్రింగ్ ప్లై, అంటే స్లాబ్ కింద అచ్చుకు కొట్టే ప్లై చూడున్రి. స్లాబ్ పోసినంక మేస్త్రీలు పక్కకు పడేస్తరు. 12 మి.మీ.ది 8×4 షీటు ఒక్కటి తెచ్చి, ఉబ్బిన అంచులు అంగుళం అంగుళం కోస్తే 46 అంగుళాల వెడల్పు మిగుల్తది. రెండు భాగాలు చేస్తే 23 చొప్పున, 5 అడుగుల పొడుగుతోని రెండు. ఒకదాని మీద ఒకటేస్తే 24 మి.మీ. పలక. ఒక్క అంగుళం వెడల్పు తక్కువైతే కొంపలు మునగయి. మిగిలిన ముక్కలల్లకెళ్లి బల్ల మూలలకు 12 అంగుళాల త్రికోణాలు కోసుకోవచ్చు.

రెడ్ ఆక్సైడ్
మేస్త్రీ గారూ, ఆ ప్లై మీద ఫెవికాల్ పట్టదు కదా?

ఓరుగల్లు వడ్ల
పట్టది, నిజమే. గా నల్ల పొర మీద జిగురు ఆనది, పైకెళ్లి షట్టరింగ్ నూనె (సిమెంటు అంటకుండ రాసేది). ఆ నడిమిట్ల ఆనే రెండు ముఖాలు 60 నంబరు ఇసుక కాగితంతోని చెక్క కనవడేదాకా గీకాలె. గీకుడు బద్ధకమైతే జిగురు మాట మర్చిపోయి, కిందికెళ్లి 20 మి.మీ. మరలు 6 అంగుళాలకొకటి బిగించున్రి. పై ముఖం మీది పొర మాత్రం ముట్టకున్రి, గ్రీజు వడ్డా తుడిస్తే పోతది. కోసే ముందు అంటుకున్న సిమెంటు ఉలితోని రాల్చున్రి, లేకుంటే రంపం పదును గంటల పోతది.

బాడిస
ప్లై ఎందుకు, పాత ఫ్లష్ డోర్ ఉండగా? 30 మి.మీ. మందం, రెండున్నర అడుగుల వెడల్పు. 5 అడుగులకి కోసి, తాళం వైపు 6 అంగుళాలు తీసేస్తే తాళం బొక్క కూడా పోతుంది. కోసినవైపు లోపలి పేళ్లు బయటపడతాయి, అక్కడ అంగుళం పట్టీ అతికించాలి. బాత్రూం తలుపు మాత్రం తేవద్దు, కింది అడుగు పొరలు పొరలుగా విడిపోయి ఉంటుంది.

కొలత టేపు
కూల్చిన వంటింటి గట్టు గ్రానైట్ పలక కూడా ఉంది, 18 మి.మీ. దాన్నే పైన వేసేస్తే?

బాడిస
5×2 అడుగులకి 45 కిలోలు తూగుతుంది. బరువు బల్లకి మంచిదే, కానీ ఒక్క సుత్తి దెబ్బ చాలు, అంచు ఎగిరిపోతుంది. వైస్ బోల్టులకి బెజ్జం వేస్తే అక్కడినుంచే పగులు. ఒక అడుగు ముక్క కోయించి గ్రైండర్ కింద పెట్టుకోండి: నిప్పురవ్వలకి జంకు లేదు, మీద నీటి కాగితం (తడిపి వాడే ఇసుక కాగితం) పరిస్తే ఉలి పదునుకి అంతకంటే చదునైన రాయి దొరకదు.

గోడౌన్ గేటు
అందరూ దాటేసిన విషయం, పాత గుమ్మాల మీది రంగు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన 2017 నవంబర్ 1 నుంచే అమల్లో ఉంది. అంతకు ముందు వేసిన పొరల్లో ఎంత ఉందో పైకి తెలియదు. కాబట్టి పొడిగా ఇసుక కాగితం పెట్టొద్దు, టార్చితో కాల్చొద్దు. నీళ్లు చల్లి గీకుడు బిళ్లతో తీసి, ఆ పెచ్చులు సంచిలో కట్టేయాలి. ఎన్95 మాస్కు తప్పదు. లేదా రంగున్న ముఖాన్ని అలాగే వదిలేసి మీద వార్నిష్ కొట్టండి, కాలికి అందంతో పనేముంది.

బాడిస
దీనికి అభ్యంతరం లేదు. మేకుల జవాబు బాకీ ఉంది, అదీ తీరుస్తా: పాత స్పీకరు అయస్కాంతాన్ని దారానికి కట్టి కర్ర వెంట లాగండి, మేకు ఉన్నచోట దారం వంకర పోతుంది. కర్ర మీద నల్లటి మచ్చ కనిపిస్తే కింద ఇనుము ఉన్నట్టే. ఇత్తడి మరని అయస్కాంతం పట్టదు, బందుల గుంటలు మాత్రం కళ్లతో చూడాల్సిందే.

రెడ్ ఆక్సైడ్
సరే, కర్రకే వెళ్లారనుకుందాం. ఊగడానికి ఏం చేస్తారు? కర్ర బల్ల ఏడాదికోసారి బోల్టులు బిగించుకోవాల్సిందే కదా.

బాడిస
బోల్టు మీదే బరువంతా వేస్తే అంతే మరి. కాలికి అర అంగుళం లోతు గాడి కొట్టి, అందులో పట్టెని బిగుతుగా కూర్చోబెట్టాలి. బరువు గాడి మోస్తుంది, బోల్టు పట్టి ఉంచుతుంది. అతుకుకి రెండేసి 3/8 అంగుళాల బోల్టులు, ఒకదాని కింద ఒకటి కాకుండా ఐమూలగా. వాషర్ పెద్దది వేయండి. పట్టెని పడుకోబెట్టొద్దు, నిలబెట్టండి: అదే 4×2 నిలబెడితే వంగేది నాలుగో వంతే. అయినా నాలుగు పక్కల చట్రం మూలమట్టంగా ఉండాలంటే ఐమూల ఒకటి ఉండాల్సిందే. వెనకవైపు మేస్త్రీ గారు చెప్పిన ప్లై త్రికోణాలు నాలుగు మూలలా బిగించండి.

ఓరుగల్లు వడ్ల
వైస్ యాడ వెడ్తరో జెప్పలేదు ఇంకా. కాలు మీదనే రావాలె, రెండు కాళ్ల నడుమ కాదు. నడుమ వెడితే సుత్తి దెబ్బ కొట్టినప్పుడల్లా పలక స్ప్రింగు లెక్క ఎగురుతది, సగం దెబ్బ గందుట్లనే పోతది. వెనక దవడ బల్ల అంచుకంటే ఇంచుక ముందుకుండాలె, అప్పుడే పొడుగు పట్టీ నిలువుగ కిందికి దిగుతది. దవడ పైభాగం మోచేయి ఎత్తుకు రావాలె. 5 అడుగుల 6 అంగుళాల మనిషికి గది 41 అంగుళాలు. 34 బల్ల మీద వైస్ ఐదున్నర, 39.5 అయితది. ఆకురాయి పట్టేటోనికి వైస్ కింద అంగుళంన్నర దిమ్మ వెట్టున్రి, కాళ్లు పొడుగు చెయ్యకున్రి, మిగతా పనికి ఎక్కువైతది.

కొలత టేపు
అయితే ఇలా అనుకుంటున్నా: కాళ్లు, పట్టెలు ద్వారబంధం, వాసాలతో. పైన సెంట్రింగ్ ప్లై రెండు పొరలు, కింది అర పాలెట్‌తో. వెల్డింగ్ మెషిన్ అద్దె, రాడ్లు, కరెంటు చూసుకుంటే ఇనుము నాకు కలిసిరాదు.

రెడ్ ఆక్సైడ్
మెషిన్ లేనివాళ్లకి అది సబబే, ఒప్పుకుంటా. కానీ వైస్ కింద, ప్లై అడుగున 6 మి.మీ. ఇనుప పలక ముక్క ఒకటి వేయండి, 6×6 అంగుళాలది. ప్లై 24 మి.మీ. అయినా వాషర్ దాన్ని తినేస్తుంది. నాలుగు ఎం10 (10 మి.మీ.) బోల్టులు ప్లైలోంచి, పలకలోంచి దిగాలి. ఆ పలక కాలి పక్కన ఎక్కడ కూర్చుంటుందో కాళ్లు కోయకముందే గీసుకోండి, లేకపోతే బోల్టు సరిగ్గా కాలి తల మీదే వస్తుంది, నట్టు పెట్టే జాగా ఉండదు.

గోడౌన్ గేటు
షెడ్డు నేలకి గేటువైపు వాలు ఉంటుందని మర్చిపోకండి. అది 5 అడుగులకి అర అంగుళం దాకా ఉంటుంది. కాళ్లన్నీ ఒకే కొలతకి కోయండి, కానీ పల్లం వైపు కాళ్ల కింద గ్రానైట్ ముక్కలు పెట్టి స్పిరిట్ లెవెల్‌తో సరిచూడండి.

బాడిస
పల్లం వైపే కాదు, నాలుగు కాళ్ల కిందా రాయి వేయండి. మిట్టవైపు పలచనిది, పల్లంవైపు మందంది. కర్ర కాలు సిమెంటు నేలకి ఆనితే కడిగిన నీళ్లన్నీ కింది చివర పీలుస్తుంది, చెదకి దారి అదే. కాళ్ల చివర్లు చెదల మందులో ఓ రాత్రి నానబెట్టి, ఆరాక రాయి మీద నిలబెట్టండి. బల్లకీ గోడకీ మధ్య రెండంగుళాల సందు వదలండి. చెద గోడ మీద మట్టి గొట్టం కట్టుకుని ఎక్కినా కనిపించేలా ఉండాలి.