ఏప్రిల్‌లో అమ్మానాన్న వస్తున్నారు, ట్యూలిప్స్‌కి ఏ వారం తీసుకెళ్లాలి?

అందరికీ నమస్కారం. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టల్‌వేన్‌కి వచ్చి మూడు నెలలైంది. మాది కడియం పక్క ఊరు, నాన్నకి నర్సరీ ఉంది. ట్యూలిప్ తోట చూడాలని వీసా రాకముందు నుంచే ఒకటే గొడవ. ఆ తోట, అదే క్యూకెన్‌హాఫ్‌కి, ఎప్పుడు వెళ్తే మంచిది? అమ్మకి మోకాళ్ల నొప్పులు, బస్సులో వెళ్లగలమా?

లైడెన్ నుంచి:
తమ్ముడూ, ఏప్రిల్ మూడో వారం, కళ్లు మూసుకుని బుక్ చేసెయ్. తోట తెరిచి ఉండేదే మార్చి మూడో వారం నుంచి మే రెండో వారం దాకా. మొదట్లో వెళ్తే డాఫొడిల్స్, హయసింత్‌లే ఎక్కువ, మేలో వెళ్తే చుట్టూ పొలాల్లో ఏమీ మిగలదు. టికెట్ ఆన్‌లైన్‌లో టైమ్ స్లాట్‌తో ముందే తీసుకో. స్కిపోల్ ఎయిర్‌పోర్ట్ నుంచి 858, మా లైడెన్ స్టేషన్ నుంచి 854 బస్సు నేరుగా గేటు దగ్గర దింపుతాయి. శని, ఆదివారాలు వద్దు. 27న ఇక్కడి రాజుగారి పుట్టినరోజు, ఆ రోజు అసలే వద్దు, రైళ్లలో కాలు పెట్టే చోటుండదు.

ఐండ్‌హోవెన్ నుంచి:
పూల సంగతి తర్వాత బాబూ, అమ్మానాన్న వస్తున్నారని ఇంటి ఓనరుకి చెప్పావా? నేను 2019లో చెప్పలేదు. మావాళ్లు వచ్చిన పదో రోజున ఆయన హీటర్ చూస్తానని వచ్చి, వంటింట్లో అమ్మ చేపల పులుసు పెడుతుంటే గుమ్మంలోనే ఆగిపోయాడు. ఒప్పందంలో ఇద్దరే ఉన్నారు, నలుగురెందుకున్నారని మెయిలు. విజిట్ వీసా, రెండు నెలల్లో వెళ్లిపోతారంటే వినడే. ఆ నెలంతా మా నాన్న బెల్లు మోగితే చాలు బాల్కనీలోకి వెళ్లి నిలబడేవాడు. చివరికి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వాసన పోవడానికి గోడలకి రంగు వేయించాలని డిపాజిట్‌లో 900 యూరోలు పట్టుకున్నాడు, బిల్లు మాత్రం ఈరోజుకీ చూపించలేదు. అందుకని ముందే మెయిలు పెట్టు, ఫోన్‌లో చెబితే లెక్కలోకి రాదు. డిపాజిట్ మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు, అది రూల్, ఏం చెయ్యలేం.

హేగ్ నుంచి:
అది పాత మాటండీ. 2023 జూలై 1 నుంచి రాసుకున్న ఒప్పందాలకి రెండు నెలల అసలు అద్దె (కరెంటు, నీళ్ల లాంటి ఖర్చులు కలపకుండా) కంటే ఎక్కువ డిపాజిట్ తీసుకోకూడదు. కోత ఏమీ లేకపోతే 14 రోజుల్లో, ఉంటే లెక్క చూపించి 30 రోజుల్లో మిగతాది తిరిగివ్వాలి.

ఐండ్‌హోవెన్ నుంచి:
నేను చెప్పింది నా అనుభవం. చట్టం నాకూ తెలుసు.

ఆల్మేర్ నుంచి:
మీరిద్దరూ అద్దెల గురించి వేరే మెయిలు మొదలుపెట్టుకోండి అన్నయ్యలూ. బాబూ, మీ నాన్నగారిది నర్సరీ అన్నావు కదా, ఆయనకి కావాల్సింది క్యూకెన్‌హాఫ్ ఒక్కటే కాదు. అది 32 హెక్టార్ల ప్రదర్శన, ఏటా 70 లక్షల దుంపలు చేత్తో నాటుతారు. ఒకే చోట ఒకదాని మీద ఒకటి పొరలుగా పెడతారు, పైది ముందు పూస్తుంది, అది వాడేసరికి కింది పొర లేస్తుంది. బాగుంటుంది, కాదనను. కానీ సాగు చూడాలంటే బయట పొలాలకి వెళ్లాలి. మా మామయ్యని నోర్డోస్ట్‌పోల్డర్ వైపు ట్యూలిప్ పొలాలకి తీసుకెళ్తే, విరగబూసిన మడిలో మిషను తోలి పూల తలలన్నీ కోసేస్తున్నారు. గట్టు పక్కన ఎర్రటి కుప్ప, అడుగున అప్పటికే కుళ్లుతోంది. ఆయన బండి దిగి, పురుగు పట్టిందా అని అడిగాడు. పురుగూ కాదు ఏమీ కాదు, అక్కడ పంట పువ్వు కాదు, దుంప. తల తీసేస్తే బలమంతా కిందికి దిగి దుంప ఊరుతుంది. మామయ్య అరగంట కదల్లేదు. ఫొటో కోసం మాత్రం మడిలోకి దిగనివ్వకు, చెప్పులతో తెగుళ్లు వస్తాయని రైతులు ఊరుకోరు.

లైడెన్ నుంచి:
అక్కా, కారు లేకుండా అంత దూరం, మోకాళ్ల నొప్పులతోనా? క్యూకెన్‌హాఫ్ గేటు బయటే లిస్సె ఊరి పొలాలున్నాయి. అక్కడ ఇసుక నేల, నీరు నిలవదు, దుంపకి అదే కావాలి. నాన్నగారు గుప్పెడు మట్టి తీసి చూస్తే ఆయనకే తెలుస్తుంది.

ఆల్మేర్ నుంచి:
లిస్సెలో మడి కంటే సెల్ఫీ కర్రలే ఎక్కువ. కారు అద్దెకి తీసుకోవచ్చు కదా.

హేగ్ నుంచి:
ఇంకో మాట. నాన్నగారు కచ్చితంగా దుంపలు కొంటానంటారు. ఇండియాకి ఊరికే సూట్‌కేసులో వేసుకెళ్లకూడదు, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు, పురుగులు లేవని ఇచ్చే కాగితం), అక్కడి దిగుమతి పర్మిట్ రెండూ కావాలి. అయినా వారాల తరబడి చలి తగిలితే గానీ పూయదది, కడియంలో ఎక్కడిది చలి?

అడిగినవాణ్ణి:
అందరికీ థ్యాంక్స్. 21 మంగళవారం పొద్దున స్లాట్ తీసుకున్నాను. చలి కోసం దుంపల్ని ఫ్రిజ్‌లో పెడతానంటున్నారు నాన్న. పువ్వులు కోసి పారేస్తారంటే మాత్రం అస్సలు నమ్మట్లేదు, నీకెవరో తమాషాకి చెప్పారంటున్నారు. ఓనరుకి మెయిలు పెట్టాను, ఇంకా జవాబు లేదు.